కాలర్ బోన్ విరిగి ఆపరేషన్ చెయ్యాలన్నారా? ముందు రోజు నుంచి ప్లేట్ తీసేదాకా

కాలర్ బోన్ విరిగిందనగానే ఇంట్లో అందరూ అడిగేది ఒక్కటే, ఆపరేషన్ కావాలా, పట్టీ కడితే సరిపోతుందా అని. చాలామందికి పట్టీతోనే సరిపోతుంది, ఆ మాట ముందే చెప్పేస్తున్నా. ఈ ఎముక బాగానే అతుక్కునే రకం, పిల్లల్లో అయితే ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నా మామూలుగా వాటంతట అవే అతుక్కుని కొన్ని నెలలకి ఆ బొడిపె కూడా సర్దుకుపోతుంది, అందుకే పిల్లలకి ఆపరేషన్ దాకా వెళ్లడం బాగా తక్కువ. పెద్దవాళ్లలో కూడా ముక్కలు జరక్కుండా ఉన్నచోటే ఉంటే కత్తి పెట్టరు. కాబట్టి మీకు ఆపరేషన్ అన్నారంటే దానికో కారణం ఉండాలి, ఆ కారణం ఏంటో ఎక్స్‌రే ముందు పెట్టి చూపించమని అడగండి, చూపిస్తారు.

ముందు ఆ ఎముక అక్కడ చేసే పని కొంచెం అర్థం చేసుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. ఛాతీ మధ్య ఎముక నుంచి భుజం కొస దాకా అడ్డంగా, కొద్దిగా వంపు తిరిగి ఉంటుంది ఇది, భుజాన్ని ఒంటికి దూరంగా నిలబెట్టి ఉంచేది ఇదే. నూటికి 70 నుంచి 80 మందికి విరిగేది మధ్య భాగంలో, ఎందుకంటే అక్కడ ఎముక సన్నం, పైన కండ రక్షణ కూడా పెద్దగా లేదు. భుజం మీద పడగానే టక్కున విరుగుతుంది, విరిగిన వెంటనే మెడ పక్కన ఉండే కండరం లోపలి ముక్కని పైకి లాగేస్తుంది, చేతి బరువు బయటి ముక్కని కిందకి దించేస్తుంది, ఛాతీ కండరం దాన్ని లోపలికి గుంజుతుంది. అందుకే ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఎముక పొట్టిదైపోతుంది, ఆ వైపు భుజం కిందకి జారి ముందుకి వంగినట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు ఆపరేషన్ ఎవరికి అంటే, ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చినా, లోపల నుంచి చర్మాన్ని పొడుస్తూ చర్మం తెల్లగా బిగుసుకుపోయినా, చేతికి వెళ్లే రక్తనాళాలకో నరాలకో దెబ్బ తగిలినా ఆలోచించడానికి ఏమీ లేదు, చెయ్యాల్సిందే. చర్చ ఉండేది మిగతా కేసుల్లోనే. ముక్కలు పూర్తిగా విడిపోయి ఒకదానికొకటి తగలకుండా ఉన్నా, ఎముక 2 సెంటీమీటర్ల కంటే ఎక్కువ పొట్టిదైనా, మధ్యలో మూడు నాలుగు ముక్కలైనా, భుజం కొస దగ్గర విరిగి అక్కడి లిగమెంట్లు (ఎముకల్ని కలిపి పట్టి ఉంచే గట్టి నారలు) తెగినా సాధారణంగా ఆపరేషన్ వైపు మొగ్గుతారు.

ఈ చర్చకి రెండు పక్కలా ఆధారాలున్నాయి. 2007లో కెనడా ఆర్థోపెడిక్ డాక్టర్ల బృందం 132 మందితో చేసిన స్టడీ ఒకటి వచ్చింది, ముక్కలు పూర్తిగా జరిగిపోయిన వాళ్లని రెండు గుంపులు చేసి ఒక గుంపుకి ప్లేట్ (విరిగిన ముక్కల్ని కలిపి స్క్రూలతో బిగించే లోహపు పట్టా) వేశారు, ఇంకో గుంపుకి పట్టీ మాత్రమే. ప్లేట్ వేసిన వాళ్లలో ఇద్దరికి ఎముక అతకలేదు, పట్టీ వాళ్లలో ఏడుగురికి అతకలేదు, అతికిన వాళ్లలో కూడా ప్లేట్ గుంపుకి సగటున 16 వారాలు, పట్టీ గుంపుకి 28 వారాలు పట్టింది. అప్పటినుంచే ప్లేట్లు వెయ్యడం బాగా పెరిగింది. కానీ 2013లో స్కాట్లాండ్ నుంచి వచ్చిన ఇంకో స్టడీలో తేలిందేంటంటే, ఎముక అతకడం అంటూ జరిగితే ఏడాది తర్వాత చేతి పనితనంలో రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. నాకైతే దీంట్లో కనిపించేది ఏంటంటే, ప్లేట్ వల్ల అతక్కుండా పోయే రిస్క్ బాగా తగ్గుతుంది, దానికి బదులుగా కోత, మచ్చ, ఇన్ఫెక్షన్ భయం, రేపు ప్లేట్ తీయించుకోవాల్సి రావడం ఇవన్నీ ఒప్పుకుంటున్నాం. చేత్తో బరువు పని చేసేవాళ్లూ ఆటలాడేవాళ్లూ ఒకలా ఆలోచిస్తారు, 70 ఏళ్ల వయసులో షుగరు ఉన్నవాళ్లు ఇంకోలా ఆలోచిస్తారు, రెండూ కరెక్టే.

చెయ్యాలని అనుకున్నాక మరీ నాన్చకండి. చాలామంది సర్జన్లు మొదటి రెండు వారాల్లోపే చేసేయడానికి ఇష్టపడతారు, మూడు వారాలు దాటితే ముక్కల చుట్టూ కొత్త ఎముక గుజ్జులా పేరుకోవడం మొదలవుతుంది, దాన్ని తీసి సర్దడం వాళ్లకి కష్టం. అలాగని అర్ధరాత్రి పరిగెత్తాల్సిన పని కూడా లేదు, పైన చెప్పిన చర్మం, నరం, రక్తనాళం సమస్యలు లేకపోతే కొన్ని రోజులు ఆగొచ్చు. ఈలోపు స్లింగ్ (చేతిని మెడకి వేలాడదీసే పట్టీ) వేసుకోవాలి, ఐసు గుడ్డలో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు పెట్టుకోవాలి, వేళ్లు మణికట్టు ఆడిస్తూ ఉండాలి. భుజాలు వెనక్కి లాగి వీపు మీద ఎనిమిది అంకెలా కట్టే పట్టీ పాతకాలంలో ఎక్కువ కట్టేవాళ్లు, మామూలు స్లింగ్ కంటే దానివల్ల ఎముకకి ఒరిగేదేమీ లేదని తేలింది, పైగా చంకలో కోసుకుపోతుంది.

ఆపరేషన్‌కి ముందు డాక్టరుకి తప్పకుండా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి, అడిగేదాకా ఆగొద్దు. రక్తం పలచబడే మందులు, షుగరు మందులు, ఏ మందు పడదో, ఇంతకుముందు మత్తు ఇచ్చినప్పుడు ఏమైనా ఇబ్బంది అయ్యిందా, గడియారం పట్టీకో చెవిదుద్దులకో చర్మం దద్దుర్లు వచ్చే నికెల్ అలర్జీ ఉందా, ఇవన్నీ. స్టీలు ప్లేట్లలో నికెల్ ఉంటుంది, అలర్జీ ఉంటే టైటానియం వాడతారు. సిగరెట్ కాల్చేవాళ్లకి ఒక మాట, ఈ ఎముక అతక్కుండా పోవడానికి మన చేతిలో ఉన్న కారణాల్లో అతి పెద్దది అదే, ఇప్పుడు ఆపి కనీసం ఎక్స్‌రేలో అతికిందని చూసేదాకా ముట్టుకోవద్దు. ఆపరేషన్ చేసేచోట మీరే ఇంట్లో షేవింగ్ చేసుకోకండి, బ్లేడు గీతల్లో క్రిములు చేరతాయి, అవసరమైతే హాస్పిటల్లో క్లిప్పర్‌తో తీస్తారు. కడుపు ఖాళీగా ఉండాలి అంటే మామూలుగా గట్టి ఆహారం 6 గంటల ముందే ఆపెయ్యాలి, మంచినీళ్లు 2 గంటల ముందు వరకు తాగొచ్చు, మీ మత్తు డాక్టరు ఇంకోలా చెప్తే అదే పాటించండి.

ఇంట్లో కూడా కాస్త సర్దుకోవాలి, ఇది ఎవరూ చెప్పరు. ముందు బొత్తాలుండే వదులు చొక్కాలు నాలుగైదు తీసి పెట్టుకోండి, తల మీంచి తొడుక్కునేవి ఒక నెలన్నర పాటు మర్చిపోండి. రోజూ వాడే సామాను పై అరల్లో నుంచి నడుము ఎత్తుకి దించేయండి. లేసులు కట్టే బూట్లు పక్కన పడేసి ఊరికే కాలు దూర్చేసేవి పెట్టుకోండి. ఒంటి చేత్తో పళ్లు తోముకోవడం, కడుక్కోవడం, ఫోన్ వాడటం రెండు రోజులు ముందే అలవాటు చేసుకోండి, కుడి చెయ్యి వాటం అయ్యి కుడి వైపే విరిగితే ఇది మరీ ముఖ్యం.

ఆపరేషన్ రోజు ఏం జరుగుతుందంటే, ఎక్కువగా పూర్తి మత్తు ఇస్తారు, కొన్నిచోట్ల మెడ దగ్గర నరాలకి బ్లాక్ ఇంజెక్షన్ కూడా ఇస్తారు. బ్లాక్ ఇస్తే ఆపరేషన్ తర్వాత కూడా చాలా గంటలు, ఒక్కోసారి మరుసటి రోజు దాకా చెయ్యి మొత్తం మొద్దుబారి ఉంటుంది, వేళ్లు కదలకపోతే కంగారు పడొద్దు, కానీ ఆ చెయ్యి ఎక్కడ వేలాడుతోందో మీకు తెలియదు కాబట్టి వేడివస్తువులకి తగలకుండా స్లింగ్‌లోనే ఉంచండి. కొంతమందికి ఆ ఇంజెక్షన్ వల్ల ఆ వైపు ఊపిరి కొంచెం తక్కువ ఆడినట్టు, గొంతు బొంగురుపోయినట్టు అనిపిస్తుంది, మందు దిగేకొద్దీ పోతుంది. ఎముక మీదుగా కోత పెట్టి, ముక్కలు సరిగ్గా జతచేసి, ఎముక వంపుకి తగ్గట్టు ముందే వంచి తయారుచేసిన ప్లేట్‌ని పైనుంచో ముందువైపు నుంచో పెట్టి స్క్రూలు బిగిస్తారు. ఆ ఎముక కిందే చేతికి వెళ్లే పెద్ద రక్తనాళాలు, నరాల కట్ట, ఇంకా కింద ఊపిరితిత్తి పైకొస ఉంటాయి, అందుకే డ్రిల్ ఎంత లోతు దిగాలన్నది చూసుకుని చేస్తారు. గంట నుంచి రెండు గంటల పని ఇది, ముక్కలు ఎక్కువైతే ఇంకాస్త. విరిగిన తీరు సింపుల్‌గా ఉంటే కొంతమంది సర్జన్లు ప్లేట్‌కి బదులు ఎముక లోపలికి సన్నటి రాడ్ దించుతారు, మచ్చ చిన్నది, కానీ దాని కొస చర్మం కింద గుచ్చుకుని తర్వాత తీయాల్సి రావడం మామూలే. భుజం కొస దగ్గర విరిగితే హుక్ ప్లేట్ అని ఒకటి వాడతారు, అది వేస్తే మాత్రం కొన్ని నెలలకే తీసేయాలి, ఉంచేస్తే భుజం కీలు పైన రాసుకుని పాడు చేస్తుంది. మీకు వేసింది ఏ రకమో కాగితం మీద రాయించుకుని దాచుకోండి.

మొదటి రాత్రి గురించి ఒకటి. బ్లాక్ దిగిపోయే టైమ్ చాలామందికి నిద్రలోనే వస్తుంది, అప్పుడు నొప్పి ఒక్కసారిగా మీద పడుతుంది. అందుకని నొప్పి మొదలయ్యాక కాకుండా చెయ్యి కాస్త చిమచిమలాడటం మొదలైనప్పుడే రాసిచ్చిన మాత్ర వేసేసుకోండి. పారాసెటమాల్ పెద్దవాళ్లకి అన్నీ కలిపి రోజుకి 4 గ్రాములు దాటకూడదు, లివర్ సమస్య ఉంటే ఇంకా తక్కువ, జలుబు మాత్రల్లో కూడా అదే ఉంటుందని గుర్తుపెట్టుకోండి. గట్టి నొప్పి మందులు ఇస్తే మలబద్ధకం ఖాయం, నీళ్లు బాగా తాగండి.

పడుకోవడం పెద్ద తలనొప్పి. వెల్లకిలా చదునుగా పడుకుంటే భుజం వెనక్కి లాగి నొప్పి పెడుతుంది, వీపు వెనక దిండ్లు పేర్చి సగం కూర్చున్నట్టు పడుకోండి, మోచేతి కింద ఇంకో చిన్న దిండు పెడితే చెయ్యి వెనక్కి జారదు. వాలు కుర్చీ ఉంటే ఇంకా హాయి. లేచేటప్పుడు ఆపరేషన్ చేసిన చేత్తో మంచాన్ని నొక్కి లేవకూడదు, మంచి చెయ్యి వైపు తిరిగి లేవాలి, నిద్రమత్తులో మర్చిపోయేది సరిగ్గా ఇదే.

చొక్కా వేసుకునేటప్పుడు ముందు దెబ్బ చెయ్యి దూర్చాలి, తీసేటప్పుడు దాన్ని చివర్లో తీయాలి. చంక శుభ్రం చేసుకోవాలంటే స్లింగ్ తీసి నడుము దగ్గర ముందుకి వంగి చేతిని కిందకి వదిలెయ్యండి, దానంతట అదే ఒంటి నుంచి ఎడమవుతుంది, ఆ సందులో తుడుచుకుని బాగా ఆరనివ్వండి, తడి ఉండిపోతే అక్కడ చర్మం ఒరుసుకుపోయి పుండవుతుంది. కుట్లు 10 నుంచి 14 రోజులకి తీస్తారు, కరిగిపోయే కుట్లు అయితే తీసే పని ఉండదు. అప్పటిదాకా కట్టు తడవకూడదు, డాక్టరు సరే అంటే నీళ్లు దూరని కట్టు మీద స్నానం చెయ్యొచ్చు.

చూసి భయపడేవి రెండున్నాయి. ఒకటి, కమిలిన రంగు ఛాతీ మీదకీ మోచేతి దాకా జారుతుంది, నలుపు నుంచి పచ్చకి మారుతుంది, లోపల కారిన రక్తం కిందకి దిగడమే అది. రెండోది, కోత కింద ఛాతీ పైభాగంలో చర్మం మొద్దుబారి ఉంటుంది, ఎందుకంటే ఆ చోట చర్మానికి వెళ్లే సన్నటి నరాలు సరిగ్గా ఎముకకి అడ్డంగా దాటుతాయి, కోతలో కొన్ని తెగుతాయి లేదా సాగుతాయి. నెలలు గడిచేకొద్దీ ఆ చోటు చిన్నదవుతుంది, కొంతమందికి కొంచెం ఎప్పటికీ ఉండిపోతుంది, చేతి బలానికి దానికి సంబంధం లేదు. ఇది ఆపరేషన్‌కి ముందే తెలిస్తే సగం దిగులు ఉండదు.

కసరత్తు మొదటి రోజు నుంచే మొదలు, భుజానికి కాదు, దాని కింద ఉన్న అన్నిటికీ. పిడికిలి బిగించి విప్పడం, మణికట్టు తిప్పడం, స్లింగ్ లోంచి తీసి మోచెయ్యి పూర్తిగా చాపి ముడవడం, రోజుకి నాలుగైదు సార్లు. ఇది చెయ్యకపోతే విరిగింది కాలర్ బోనే అయినా బిగుసుకుపోయేది మోచెయ్యి. డాక్టరు చెప్పినప్పుడు, సాధారణంగా మొదటి ఒకటి రెండు వారాల్లోనే, ముందుకి వంగి చేతిని వేలాడదీసి గడియారం లోలకంలా ఊపడం మొదలుపెట్టిస్తారు, తర్వాత మంచి చేత్తో పట్టుకుని దెబ్బ చేతిని లేపడం. మామూలుగా మొదటి నాలుగు నుంచి ఆరు వారాలు భుజం ఎత్తు దాటి పైకి లేపనివ్వరు, ఎందుకంటే చెయ్యి ఆ ఎత్తు దాటేకొద్దీ కాలర్ బోన్ తన చుట్టూ తాను తిరుగుతుంది, ఆ మెలి అంతా స్క్రూల మీద పడుతుంది. స్లింగ్ రెండు వారాలా ఆరు వారాలా అన్నది విరిగిన తీరుని బట్టీ బిగింపుని బట్టీ ఉంటుంది, పక్కవాళ్లది చూసి మీది తీసేయకండి.

ఇక అసలు మాట. మూడో వారం నుంచి ఆరో వారం దాకా ఉండే రోజులే ప్రమాదం. నొప్పి దాదాపు పోతుంది, చెయ్యి కదులుతుంది, ఇంట్లో వాళ్లు కూడా బాగైపోయింది అనుకుంటారు, కానీ ఎక్స్‌రేలో చూస్తే ముక్కల మధ్య గీత ఇంకా అలాగే ఉంటుంది. మీకు నొప్పి లేకపోవడానికి కారణం ఎముక అతకడం కాదు, ప్లేట్ దాన్ని కదలకుండా పట్టుకోవడం. తీగని అటూ ఇటూ వంచుతూ పోతే చివరికి తెగినట్టే, అతకని ఎముక మీద పదే పదే బరువు పడితే ప్లేట్ కూడా వంగుతుంది, విరుగుతుంది, లేదా స్క్రూలు ఊడి వస్తాయి. ప్లేట్ అలసిపోయే లోపు ఎముక అతుక్కోవాలి, అంతే లెక్క. కాబట్టి ఆ వారాల్లో ఆ చేత్తో టీ కప్పు, ఫోను, చెంచా ఇలాంటివి తప్ప ఏదీ ఎత్తొద్దు. చంటిపిల్లల్ని ఎత్తుకోవడం, నీళ్ల బకెట్, బరువైన తలుపు లాగడం, కుర్చీ చేతులు నొక్కి లేవడం, భుజానికి సంచి తగిలించుకోవడం, బస్సులో పైన కడ్డీ పట్టుకోవడం, ఇవన్నీ వద్దు. పిల్లలు కావాలంటే మీరు కూర్చున్నాక ఒళ్లో కూర్చోబెట్టమనండి. కింద పడకుండా చూసుకోవడం కూడా దీంట్లో భాగమే, తడి నేల మీద జాగ్రత్త, సైకిల్, బైక్ జోలికి పోవద్దు.

ఆరు వారాల ఎక్స్‌రే మంచిగా ఉంటే భుజం పైకి లేపడం, రబ్బరు బ్యాండుతో బలం పెంచే కసరత్తులు మెల్లిగా మొదలవుతాయి. ఇక్కడ చాలామంది ముందు భుజం కండలు పెంచాలని చూస్తారు, నిజానికి వీపు మీద రెక్క ఎముకని పట్టి ఉంచే కండలు, భుజం కీలు లోపలి చిన్న కండలు ముందు దారికి రావాలి, లేకపోతే చెయ్యి పైకి లేపినప్పుడల్లా భుజం చెవి దాకా ఎగురుతుంది. అద్దం ముందు నిలబడి చేస్తే తెలిసిపోతుంది. కూర్చుని చేసే ఉద్యోగం అయితే ఒకటి రెండు వారాల్లో వెళ్లొచ్చు, కీబోర్డు దగ్గరకి లాక్కుని మోచెయ్యి బల్ల మీద ఆనించి పని చేసుకోవాలి. బరువు పని అయితే మూడు నెలలు అనుకోండి. డ్రైవింగ్ స్లింగ్ ఉన్నన్నాళ్లు అసలు వద్దు, ఆ తర్వాత కూడా సడెన్‌గా స్టీరింగ్ రెండు చేతులతో గట్టిగా తిప్పగలిగేంత బలం వచ్చాకే, చాలామందికి ఆరు వారాల దగ్గర వస్తుంది. దండీలు, బరువులు, ఒకరినొకరు గుద్దుకునే ఆటలు ఎక్స్‌రేలో పూర్తిగా అతికాకే, అంటే కనీసం మూడు నాలుగు నెలలు, తొందరపడే వాళ్లకి నేనైతే నాలుగే చెప్తా.

తిండిలో మాంసకృత్తులు తగ్గకుండా చూసుకోండి, విటమిన్ డి తక్కువుందేమో రక్త పరీక్షలో చూపించుకుని తక్కువుంటే మాత్రలు వాడండి, అంతకుమించి ఎముకలు అతికించే మ్యాజిక్ పొడి ఏదీ లేదు.

ఈ కిందివి కనిపిస్తే ఫోన్ చేసి ఆగొద్దు, వెళ్లిపోండి. కోత చుట్టూ ఎరుపు రోజు రోజుకీ పాకడం, చీము, జ్వరం. చెయ్యి చల్లబడటం, నీలంగా మారడం, మొత్తం చెయ్యి ఉబ్బిపోవడం, బ్లాక్ దిగాల్సిన టైమ్ దాటాక కూడా వేళ్లలో బలం లేకపోవడం. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి, పిక్కలో వాపు, వీటికైతే ఎమర్జెన్సీకే. ఇంకా టక్కుమని శబ్దం వచ్చి కొత్త బొడిపె లేచినా, తగ్గిన నొప్పి మళ్లీ పెరుగుతూ పోతున్నా ఎక్స్‌రే తీయించాల్సిందే.

చివరికి ప్లేట్ సంగతి. ఇబ్బంది పెట్టకపోతే జన్మంతా ఉంచుకోవచ్చు, తప్పకుండా తీయాలని రూల్ లేదు. కాకపోతే కాలర్ బోన్ మీద చర్మం పలచన కాబట్టి సన్నగా ఉన్నవాళ్లకి ప్లేట్ చేతికి తగులుతుంది, సీటు బెల్టూ సంచి పట్టీ రాసుకుంటాయి, కొంతమందికి చలిలో లాగినట్టు ఉంటుంది. అప్పుడు తీయించుకోవచ్చు, కానీ ఎముక పూర్తిగా గట్టిపడాలి, మామూలుగా ఏడాది దాటాకే చూస్తారు. ఎమ్మారై అవసరం పడితే ప్లేట్ ఉందని ముందే చెప్పండి, ఇప్పటి టైటానియం ప్లేట్లు ఒంట్లో ఉన్నా చాలావరకు స్కాన్ తీస్తారు, దాచుకున్న కాగితం అక్కడ పనికొస్తుంది. తీసే ఆపరేషన్ వేసేదానికంటే చిన్నది, స్లింగ్ కొన్ని రోజులే, కానీ స్క్రూలు ఉన్నచోట చిల్లులు మిగులుతాయి, అవి పూడటానికి వారాలు పడుతుంది, ఈలోపు గట్టి దెబ్బ తగిలితే సరిగ్గా ఆ చిల్లు దగ్గరే మళ్లీ విరిగే వీలుంది. కాబట్టి తీయించుకున్నాక రెండు మూడు నెలల పాటు బరువులు, పడే ఛాన్స్ ఉన్న ఆటలు మళ్లీ బంద్, టోర్నమెంటో ట్రెక్కింగో పెట్టుకున్నవాళ్లు ఆ లెక్క చూసుకునే డేట్ అడగండి.